రిజిస్టరు ఖాళీగా ఉంటే సంతోషించకండి

రాత్రి రెండు గంటలు. ఒక పేషెంటుకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ స్టాఫ్ నర్సు పక్క బెడ్డు పేషెంటుకు ఇచ్చింది. ఎవరూ చూడలేదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెబుతుందా, ఊరుకుంటుందా? అది చాలావరకు ఆమె పైవారు ఇంతకు ముందు ఎలా ప్రవర్తించారన్న దానిపై ఆధారపడుతుంది.

నేను వార్డు ఇన్‌ఛార్జి అయిన కొత్తలో ఒక సిస్టర్‌ను అందరి ముందు గట్టిగా మందలించాను. తర్వాత కొన్ని నెలలు ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టూ రాలేదు. వార్డు బాగుపడిందనుకున్నాను. నిజానికి ఆగింది పొరపాట్లు కాదు, నాకు చెప్పడం.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు మందుల పొరపాట్లపై తన అధ్యయనాన్ని 1996లో ప్రచురించారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి! అక్కడి నర్సులు భయపడకుండా చెప్పగలగడమే కారణమని ఆమె వివరించారు.

నమ్మకమంటే పర్యవేక్షణ మానేయడం కాదు. ఇన్సులిన్, హెపారిన్ వంటి మందులను ఇద్దరు నర్సులు సరిచూడాల్సిందే. తెలిసి చేసిన నిర్లక్ష్యానికి చర్య తప్పదు. కానీ పొరపాటు చెప్పడానికి వచ్చిన సిస్టర్‌ను మొదట అడగాల్సింది "పేషెంటు ఎలా ఉన్నారు?" అని. తర్వాత కారణం వెతకాలి. రెండు మందుల సీసాలు ఒకేలా ఉన్నాయా? డబుల్ డ్యూటీలో అలసిపోయిందా? మందలించాల్సి వస్తే గదిలోకి పిలిచి మందలించాలి.

ఇన్‌ఛార్జి సిస్టర్లారా, మీ ఇన్సిడెంట్ రిజిస్టరు చాలాకాలంగా ఖాళీగా ఉందా? మీతో చెప్పడానికి ఎవరైనా భయపడుతున్నారేమో ఒకసారి ఆలోచించండి.