డెల్టా వరి సాగుకు నమూనాల సంధానం

గోదావరి డెల్టాలో వరి దిగుబడి పైరుపైనే ఆధారపడదు. ధవళేశ్వరం బ్యారేజీ నుండి కాలువలకు నీరు వదిలే తేదీ, మురుగు కాలువల సామర్థ్యం, రైతు నిర్ణయం కూడా దానిని ప్రభావితం చేస్తాయి. ఇంతటి వ్యవస్థను ఏ ఒక్క నమూనా పూర్తిగా ప్రతిబింబించలేదు.

ఒరైజా వంటి పైరు నమూనా వాతావరణం, నేల, వరి రకాల ఆధారంగా రోజువారీ పెరుగుదలను లెక్కిస్తుంది. మారుటేరు పరిశోధనా స్థానం రూపొందించిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) కాలపరిమితి సుమారు 150 రోజులు. జూన్‌లో నారు పోస్తే పంట నవంబరులో కోతకు వస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను వంటిది ఆ దశలో సంభవిస్తే, చేలలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పవలసినది సముద్రపు పోటును సైతం లెక్కించే జలప్రవాహ నమూనా.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. అటువంటి నిర్ణయాలను పై రెండు నమూనాలూ ఊహించజాలవు. అందుకు ఒక్కొక్క రైతును స్వతంత్ర నిర్ణేతగా పరిగణించే మూడవ నమూనా అవసరం.

వీటి కాలప్రమాణాలు భిన్నమైనవి. ప్రవాహాన్ని గంటలలో, పైరును రోజులలో, రైతు నిర్ణయాన్ని పంటకాలాలలో లెక్కిస్తారు. కనుక గంటలవారీ ముంపు లోతును రోజువారీగా క్రోడీకరించి పైరు నమూనాకు, దాని దిగుబడిని రైతు నమూనాకు అందించాలి. రైతు ఎంచుకొనే నాట్ల తేదీ తిరిగి మొదటి రెండింటికీ చేరాలి. ఒకదానిలోని దోషం మరొకదానికి సంక్రమిస్తుంది గనుక, నమూనాలను విడివిడిగానూ, పిదప కలిపి కూడా క్షేత్ర గణాంకాలతో సరిచూడాలి. అప్పుడే నాట్లు ముందుకు జరపడం, మురుగు కాలువల పూడిక తీయడం, ఈ రెండింటిలో ఏది ఎక్కువ మేలో ఒకే లెక్కలో పోల్చవచ్చు.