పదికి తొమ్మిది మార్కులు... ఎవరి లెక్క?

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు నన్నొక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పలేక, టీ తాగొస్తానని వీధిలోకి తప్పుకున్నాను!

సంగతేమిటంటే, వాడు డిగ్రీ రెండో సంవత్సరం. సాయంత్రాలు పక్కవీధి పిల్లలకు లెక్కలు చెప్పి, రూపాయి రూపాయి కూడబెట్టి, నాలుగు వేలు పోసి ఒక వీడియో గేమ్ కొన్నాడు. పేరెందుకు లెండి. కొనేముందు సమీక్షలన్నీ చదివాడట. ఒకాయన పదికి తొమ్మిది, ఇంకొకాయన తొమ్మిదిన్నర వేశారు. తీరా ఇంటికి తెచ్చి తన పాత మెషీన్‌లో పెడితే బొమ్మ నత్తలా పాకింది. పది నిమిషాలకోసారి కొయ్యబారిపోయింది.

"అన్నయ్యా, ఈ తొమ్మిది వేసినవాళ్ళు ఆట ఆడే వేశారంటావా? నువ్వూ పత్రికలకు రాస్తావుగా... మీరంతా ఇంతేనా?" అన్నాడు.

అదీ ప్రశ్న!

సినిమా పత్రికలో ఈ ఆటల గొడవేమిటి మహాశయా అని మీరు అడగవచ్చు. కానీ ఉదయం ఆట చూసి, సాయంత్రం సెల్‌ఫోన్‌లో బొటనవేళ్ళు అరగదీసే యువపాఠకులు మనలో ఎంతమంది లేరు? పైగా ఈ కథలో ప్రకటనలున్నాయి, తారలున్నారు, తెర వెనుక భాగోతాలున్నాయి. మనకు బొత్తిగా కొత్త కథేమీ కాదు.

ముందు ఒక్క తేడా గమనించండి. సినిమా సమీక్షకుడు నిర్మాత మీద ఆధారపడనక్కర్లేదు. టిక్కెట్టు కొని మొదటి ఆటకు వెళ్ళి, మూడు గంటలు కూర్చుని, సాయంత్రానికి రాసి పారేయవచ్చు. వీడియో గేమ్ సమీక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. పెద్ద ఆట పూర్తి చేయాలంటే ముప్ఫై, నలభై గంటలు... ఒక్కోసారి వంద! విడుదల రోజున సమీక్ష రావాలంటే ఆట వారం పది రోజుల ముందే చేతికందాలి. అందించేది ఎవరు? దాన్ని అమ్ముకునే కంపెనీయే! ఇచ్చేటప్పుడు ఫలానా రోజు ఫలానా గంట వరకు నోరు విప్పకూడదని షరతు. దానికి ఎంబార్గో అని పేరు. ఆ పత్రికకు ప్రకటనలు ఇచ్చేదీ చాలావరకు ఆ కంపెనీలే. అన్నం పెట్టే చేతికే మార్కులు వేయాలన్నమాట!

ఈ చిక్కు ఎక్కడిదాకా పోతుందో లోకానికి తెలిసింది 2007 నవంబరులో. గేమ్‌స్పాట్ అని అమెరికాలో పేరున్న ఆటల పత్రిక. కాగితం మీద కాదు, ఇంటర్‌నెట్‌లో. అందులో జెఫ్ గెర్స్ట్‌మన్ అని ఏళ్ళ తరబడి పనిచేసిన సమీక్షకుడు. 'కేన్ అండ్ లించ్' అనే ఆటకు ఆయన పదికి ఆరు వేశాడు. తప్పలేదు, అట్టే గొప్పగానూ లేదన్నాడు. చిక్కేమిటంటే, ఆ రోజుల్లో గేమ్‌స్పాట్ ముఖపత్రమంతా ఆ ఆట ప్రకటనే! తలుపు తీస్తే ఆ ఇద్దరు హీరోలే. ఇంటినిండా పెళ్ళి పందిరి వేసి, లోపల పెళ్ళికొడుకు అంతంతమాత్రమే అన్నట్టయింది. మాసం తిరక్కుండానే గెర్స్ట్‌మన్ ఉద్యోగం ఊడింది.

పాఠకులు భగ్గుమన్నారు. ప్రకటనదారు ఒత్తిడి వల్ల తీసేయలేదని యాజమాన్యం అంది. ఎవరు నమ్ముతారు? కొద్ది నెలల్లో మరికొందరు సహోద్యోగులూ మూటాముల్లె సర్దుకున్నారు. వాళ్ళతో కలిసి గెర్స్ట్‌మన్ 2008లో జెయింట్ బాంబ్ అని సొంత దుకాణం తెరిచాడు.

అసలు తమాషా 2012 మార్చిలో జరిగింది. గేమ్‌స్పాట్ యజమాని సీబీఎస్ ఇంటరాక్టివ్ వారే ఆ జెయింట్ బాంబ్‌ను కొన్నారు! దాంతో నాలుగేళ్ళకు పైగా ఒప్పందం కట్టిపడేసిన నోరు విప్పే వీలు ఆయనకు చిక్కింది. తక్కువ మార్కులు పడ్డప్పుడల్లా ప్రకటనలు ఆపేస్తామని కంపెనీలు బెదిరించేవనీ, కొత్తగా వచ్చిన అధికారులు తనను గదిలోకి పిలిచి మాట్లాడేవారనీ చెప్పాడు. అంతకుముందు 'రాచెట్ అండ్ క్లాంక్' ఆటకు ఏడున్నర వేసినందుకూ పేచీయేనట. పదికి ఏడున్నర! మా రోజుల్లో అన్ని మార్కులొస్తే ఇంట్లో పాయసం వండేవారు.

నన్నడిగితే, ఆయన ఉద్యోగం పోవడం కంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఆ తర్వాత ఎవరు తొమ్మిది వేసినా పాఠకుడికి అనుమానమే. నిజంగా బాగున్న ఆటకు నిజాయితీగా తొమ్మిది వేసినవాడి మీద కూడా!

2012లోనే మరో ముచ్చట. ఒక పేరున్న టీవీ వ్యాఖ్యాత ఇంటర్‌వ్యూలో కూర్చున్నాడు. ఆయనకు ఒకపక్క డోరిటోస్ చిప్స్ పొట్లాలు, మౌంటెన్ డ్యూ సీసాలు. ఇంకోపక్క 'హేలో 4' ఆట పోస్టరు. మధ్యలో ఆయన, దిగులు మొహంతో! ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. దాని మీదా, బహుమతుల కోసం కంపెనీల తరఫున ప్రచారం చేసే విలేఖరుల మీదా రాబర్ట్ ఫ్లారెన్స్ అనే ఆయన యూరోగేమర్‌లో కత్తిలాంటి వ్యాసం రాశాడు. చట్టం పేరు చెప్పి బెదిరింపు రాగానే పత్రికవారు అందులో కొంత భాగం తీసేశారు. ఆయన అక్కడ రాయడం మానేశాడు. విలేఖరులు అమ్ముడుపోతున్నారని రాస్తే రాసినవాడే బయటికి!

ఇక మార్కుల మహిమ వినండి. 'ఫాలౌట్: న్యూ వేగస్' ఆట 2010లో వచ్చింది. సమీక్షలన్నింటి సగటు కట్టే మెటాక్రిటిక్‌లో 85 వస్తే తయారు చేసిన అబ్సిడియన్ సంస్థకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84! ఒక్క మార్కు తక్కువై బోనస్ పోయిందని ఆ సంస్థకు చెందిన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టాడు. సమీక్షకుడి చేతిలో కలమే కాదు, ఎవరి జేబో కూడా ఉందన్నమాట. ఒత్తిడి ఊరికే వస్తుందా?

ఒత్తిడికి లొంగకపోతే? 2015 నవంబరులో కొటాకు సంపాదకుడు స్టీఫెన్ టొటీలో బాహాటంగా రాశాడు. ముందస్తు రహస్యాలు ప్రచురించినందుకు బెథెస్డా, యూబీసాఫ్ట్ కంపెనీలు రెండూ తమతో మాటలు మానేశాయని. ఫోన్లకు జవాబుండదు, ఆటలు పంపరు. ఆ రహస్యాలు అబద్ధాలా అంటే... కావు!

ఇప్పుడు మా తమ్ముడి బాధకు దగ్గరగా ఉండే కథ, 'సైబర్‌పంక్ 2077'. పోలండ్ కంపెనీ సీడీ ప్రొజెక్ట్ తీసిన ఆట. 'మేట్రిక్స్' హీరో కియాను రీవ్స్ అందులో ఉన్నాడంటే ఎంత ఊరేగింపో ఊహించుకోండి. విడుదలకు ముందే 80 లక్షల ప్రతులు అమ్ముడైపోయాయి. 2020 డిసెంబరు 10న విడుదల. సమీక్షకులకు ముందుగా ఇచ్చింది మాత్రం కంప్యూటర్ మీద ఆడే ప్రతి ఒక్కటే. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వంటి పాత మెషీన్ల ప్రతి ఇవ్వలేదు. వీడియో సమీక్షల్లో తాము ఆడిన దృశ్యాలు చూపకూడదు, కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడాలన్నారు. మనవాళ్ళు టీజర్ ముక్కలు చేతికిచ్చి, సినిమా గురించి వీటితోనే చెప్పవయ్యా అంటే ఎలా ఉంటుంది?

మార్కులు మాత్రం తొంభై చుట్టూ పడ్డాయి. విడుదల రోజున పాత మెషీన్లవాళ్ళు ఖంగుతిన్నారు. మనుషుల మొహాలు మాయం, కార్లు గాల్లో, ఆట మధ్యలో బంద్. వారం తిరిగేసరికి సోనీ కంపెనీ ఆ ఆటను తన దుకాణంలోంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తానంది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లోనే. ఆ తొమ్మిది వేసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. తాము చూసింది చెప్పారు. కానీ తమకు చూపించనిదేమిటో పాఠకుడికి తాటికాయంత అక్షరాల్లో చెప్పాలి కదా! చాలామంది ఆ పని చేయలేదు.

అట్లాగని తప్పంతా సమీక్షకుల నెత్తిన రుద్దను. అదే 'సైబర్‌పంక్'కు గేమ్‌స్పాట్‌లో ఒకావిడ పదికి ఏడు వేసింది. లోపాలున్నాయని రాసింది. అప్పటికింకా ఆట కొన్నవాళ్ళెవరి చేతికీ అందనేలేదు. అయినా అభిమానులు ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు! 2007లో ఆరు వేసినందుకు ఉద్యోగం తీసింది యాజమాన్యమైతే, 2020లో ఏడు వేసినందుకు కత్తులు దూసింది పాఠకులు. తన హీరో సినిమాకు రెండున్నర రేటింగ్ ఇచ్చిన సమీక్షకుడి వెంటపడే మన అభిమాని గుర్తొస్తున్నాడా?

2014లో ఈ రోగం ఇంకా ముదిరింది. పత్రికల్లో నీతి కావాలంటూ గేమర్‌గేట్ అని ఒక అలజడి లేచింది. ఆటలు తయారు చేసే ఆడవాళ్ళను వెంటాడి, చంపుతామని రాసి, ఇళ్ళు వదిలిపోయేలా చేశారు. దేనితో మొదలైంది? ఫలానా విలేఖరి తన స్నేహితురాలి ఆటకు సమీక్ష రాశాడనే ఆరోపణతో. ఆ సమీక్ష అసలు లేదు! ఆ విలేఖరి రాయనేలేదు. నిజంగా అడగాల్సిన ప్రశ్నలు ఆ బూతుల కింద పడి నలిగిపోయాయి.

పత్రికలు వద్దు, మాలాంటివాళ్ళు తీసే వీడియోలే నమ్ముతామన్నవాళ్ళ సంగతీ చూద్దాం. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' లోకంలో నడిచే 'షాడో ఆఫ్ మోర్డార్' ఆటకు 2014లో వార్నర్ బ్రదర్స్ వారు యూట్యూబ్ తారలకు డబ్బిచ్చారు. కొందరికి వందల డాలర్లు, కొందరికి వేలకు వేలు. మంచే చెప్పాలి, లోపాలు చూపకూడదు. డబ్బు తీసుకున్న సంగతి వీడియో కింద ఎక్కడో, నొక్కితే తప్ప కనబడని చోట! అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం ఎఫ్‌టీసీ కల్పించుకుంటే 2016లో రాజీ కుదిరింది. అన్నట్టు డబ్బు ముట్టినవారిలో జగత్ప్రసిద్ధుడు ప్యూడీపైయూ ఉన్నాడు.

ఈలోపు పత్రికలే కరిగిపోతున్నాయి. 1991 నుంచి వస్తున్న గేమ్ ఇన్ఫార్మర్‌ను 2024 ఆగస్టులో దాని యజమాని గేమ్‌స్టాప్ ఒక్కపూటలో మూసేసింది. 2025లో మళ్ళీ తెరిచినవారు గన్‌జిల్లా అనే కంపెనీ. వాళ్ళ వ్యాపారం? ఆటలు తయారు చేయడమే! సంపాదకుల స్వేచ్ఛకు అడ్డురామని మాటిచ్చారు. నిలబెట్టుకుంటారో లేదో చూద్దాం.

సరే, మా తమ్ముడి ప్రశ్న. సంక్రాంతి నాడు తప్పించుకున్నాను గానీ, చదువరులకైనా చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక సెల్‌ఫోన్ ఆట విడుదలకు పెద్ద హోటల్లో విందు. ఏ కంపెనీ అన్నది అప్రస్తుతం. వెళ్ళాను. బిర్యానీ తిన్నాను. వచ్చేటప్పుడు చేతికొక సంచీ ఇచ్చారు. అందులో మంచి హెడ్‌ఫోన్లు! ఆట అంతంతమాత్రం. గంటసేపు ఆడానంతే. ఇంటికొచ్చి రాసినప్పుడు 'ఆకట్టుకుంటుంది', 'యువత మెచ్చుతుంది' వంటి మాటలు తమంతట అవే వచ్చి కూర్చున్నాయి. ఎవరూ బెదిరించలేదు. ఎవరూ అలా రాయమనలేదు. గంటే ఆడానని రాయలేదు, సంచీ సంగతీ రాయలేదు. ఆ వ్యాసానికి నాకొచ్చిన పారితోషికం హెడ్‌ఫోన్ల ఖరీదులో సగం కూడా లేదు.

టీ తాగి ఇంటికెళ్ళేసరికి మా వాడు ఆ ఆట డిస్కును సగం ధరకు ఎవరికో అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడు. ఇకమీదట విడుదలైన నెల వరకు ఏదీ కొననన్నాడు. సొంత డబ్బుతో కొన్నవాళ్ళ మాటే వింటానన్నాడు. చెవులకు ఆ హెడ్‌ఫోన్లే ఉన్నాయి. రెండేళ్ళ కిందట పుట్టినరోజుకు నేనే ఇచ్చాను.

"ఇవి ఎంతకు కొన్నావన్నయ్యా? మహా బాగున్నాయి" అన్నాడు.

"కొన్లేదురా" అన్నాను.

వాడు ఒకచెవి నుంచి హెడ్‌ఫోను పక్కకు జరిపి నావంక చూశాడు. ఈసారి టీ కొట్టుకు పోకుండా కూర్చుని, మొదటినుంచీ చెప్పాను.