టోల్ పాస్ ఉన్నా ఓఆర్ఆర్‌పై డబ్బులు ఎందుకు కట్ అవుతున్నాయి? ఆస్పరి నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిందిదే

ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు నుంచి కారులో హైదరాబాద్ బయల్దేరారు. ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది కదా అని వాలెట్‌లో డబ్బులు వేయలేదు. కర్నూలు దాటాక టోల్ గేట్లన్నీ సాఫీగా దాటేశారు. తీరా ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ దగ్గర బండి ఆగిపోయింది! కారణం ఒక్కటే.. స్టిక్కర్ ఒకటే అయినా రోడ్డు యజమానులు వేరు.

పాస్ ఎక్కడ పనిచేస్తుంది?

వార్షిక పాస్‌ను కేంద్రం 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలుపెట్టింది. ఏడాది గడువు లేదా 200 ట్రిప్పులు.. ఏది ముందైతే అది. జాతీయ రహదారులు, నేషనల్ ఎక్స్‌ప్రెస్‌వేలకే ఇది వర్తిస్తుంది. 44వ నంబర్ జాతీయ రహదారిపై కర్నూలు దాటాక పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్ ప్లాజాలు వస్తాయి. ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పు. అంటే రానూ పోనూ 6 ట్రిప్పులు ఖర్చవుతాయి.

శంషాబాద్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కితే లెక్క మారిపోతుంది. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు రాష్ట్ర ప్రభుత్వానిది. 2023లో 30 ఏళ్ల లీజుకు ఐఆర్‌బీ సంస్థకు ఇచ్చారు. ఇక్కడ వార్షిక పాస్ చెల్లదు. అదే ఫాస్టాగ్ మామూలు ట్యాగ్‌లా పనిచేసి వాలెట్‌లోంచి డబ్బులు తీసుకుంటుంది.

ఎగ్జిట్‌ను బట్టే రేటు

జాతీయ రహదారిపై గేటు దాటితే నిర్ణయించిన మొత్తం కట్టాల్సిందే. ఆ తర్వాత ఎంత దూరం వెళ్లారన్నది చూడరు. ఓఆర్ఆర్‌లో మాత్రం ఎక్కిన చోట ట్యాగ్ రీడ్ అవుతుంది, దిగిన చోట మళ్లీ రీడ్ అవుతుంది. మధ్యలో తిరిగిన కిలోమీటర్లకే టోల్.

అందుకే ఎగ్జిట్ నంబర్ ముఖ్యం. శంషాబాద్ 16. విజయవాడ రోడ్డుకు పోవాలంటే పెద్ద అంబర్‌పేట 11. ముంబై రోడ్డుకైతే పటాన్‌చెరు 3. పటాన్‌చెరు వైపు వెళ్తుంటే 19 తర్వాత మళ్లీ 1 వస్తుంది, కంగారు పడొద్దు. దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే రివర్స్ తీయొద్దు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగండి. కాస్త టోల్ ఎక్కువైనా ప్రాణానికి ముప్పు ఉండదు. బైకులు, ఆటోలకు ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డుపైకి అనుమతి లేదు.

టమాటా బండికి పాస్ రాదు

వార్షిక పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. ఆస్పరి, పత్తికొండ నుంచి టమాటా మోసే ఎల్లో బోర్డు బండ్లకు ఇవ్వరు. కాబట్టి ఆ టోల్ బాడుగలోనే కలుస్తుంది. రైతు బాడుగ మాట్లాడుకునేటప్పుడే టోల్ కలిపా, విడిగానా అని అడిగితే తర్వాత గొడవ ఉండదు. జాతీయ రహదారిపై 24 గంటల్లో తిరిగొస్తే రెండు సింగిల్ టోళ్లు కాకుండా ఒకటిన్నర రెట్లే పడుతుంది.

ట్యాగ్ పనిచేయకపోతే? 2025 నవంబర్ 15 నుంచి జాతీయ రహదారులపై యూపీఐతో కడితే 1.25 రెట్లు.

మన ఊరి రోడ్లకూ వస్తుందా?

రాష్ట్ర రహదారులను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించి టోల్ పెట్టే ఆలోచనను ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 నవంబర్‌లో అసెంబ్లీలో చెప్పారు. మొదట గోదావరి జిల్లాల్లో చూస్తామన్నారు. కార్లు, బస్సులు, లారీలకే టోల్ అని, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు ఉండదని, ఊరి నుంచి మండల కేంద్రం దాకా వసూలు చేయబోమని అప్పట్లో వివరించారు. ఆస్పరి నుంచి ఆదోనికో, పత్తికొండకో వెళ్లేవాళ్లు గమనించాల్సిన పాయింట్ ఇదే. మండలం దాటాకే అసలు లెక్క మొదలవుతుంది.

అందుకే బయల్దేరే ముందు రెండు పనులు చేయండి. పాస్ ఉన్నా వాలెట్‌లో బ్యాలెన్స్ చూసుకోండి. దిగాల్సిన ఎగ్జిట్ నంబర్ రాసి పెట్టుకోండి. జాతీయ రహదారిపై ఇబ్బంది వస్తే 1033కి కాల్ చేయొచ్చు.