మెంతులూ మధుమేహమూ

ఇంట్లో ఒకరికి చక్కెర వ్యాధి ఉందని తేలగానే బంధుమిత్రులు తలా ఒక సలహా ఇస్తారు. నానబెట్టిన మెంతులు పరగడుపున తినమంటారు ఒకరు, కాకరకాయ రసం తాగమంటారు మరొకరు. ఈ సలహాలలో నిజం లేకపోలేదు. కానీ వాటిని నమ్ముకొని కొందరు మందులే మానేస్తారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మెంతిగింజ బరువులో దాదాపు సగం పీచుపదార్థమే. నానిన మెంతులకు జిగురు పట్టడం మనమందరం చూసినదే. గెలాక్టోమన్నన్ అనే పీచు నీటిని పీల్చుకొని అలా మారుతుంది. పేగులలో అది ఆహారాన్ని చిక్కబరచడం వలన పిండిపదార్థం జీర్ణమై, గ్లూకోజుగా రక్తంలో చేరడం నెమ్మదిస్తుంది. భోజనానంతరం చక్కెర ఒక్కసారిగా పెరగదు. మెంతులలోని 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలను ప్రేరేపిస్తుందని కూడా ప్రయోగశాలలలో గుర్తించారు.

మరి మోతాదు సంగతేమిటి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో టైప్-1 మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతిపొడిని 10 రోజులపాటు ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గిన మాట వాస్తవమే. అయితే వారు తిన్నది రోజుకు 100 గ్రాములు! మనం తాలింపులో వేసేది చిటికెడు, నానబెట్టి తినేది చెంచాడు. అంతటి ఫలితాన్ని ఈ చెంచాడు నుండి ఆశించలేము. ఇక కాకర విషయంలో, మనుషులపై జరిపిన పరీక్షల ఫలితాలు నిలకడగా లేవు.

‘మొక్క మంచిది, మాత్ర చెడ్డది’ అనే అభిప్రాయమూ సరికాదు. ఐరోపాలో పూర్వం వైద్యానికి వాడిన గలేగా అనే మొక్కలో చక్కెరను తగ్గించే గలెజిన్ ఉంది. కానీ అది విషపూరితం, ఆ మొక్కను మేసిన గొర్రెలు చనిపోయేవి. దానికి దగ్గరి రసాయనమైన మెట్‌ఫార్మిన్ అంతకంటే ఎంతో సురక్షితం. ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ 1957లో మధుమేహ రోగులపై దాని ఫలితాలను ప్రకటించారు. నేడు ఎన్నో ఇళ్లలో వాడుతున్న మాత్ర అదే.

టైప్-1 రోగి ఇన్సులిన్ మానేస్తే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం కలుగుతుంది. మాత్రలతోపాటు మెంతిపొడి, కాకర రసం అధికంగా తీసుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక దాని లక్షణాలు. రమజాన్ ఉపవాసాలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. గర్భిణులు మెంతులను మందులా వాడరాదు.

మెంతికూర పప్పు వండుకుందాం, కాకరకాయ వేపుడు తిందాం. రోజూ మెంతులు తింటున్నట్లయితే ఆ సంగతి వైద్యునికి చెబుదాం. ఆయన చెప్పనిదే ఒక్క మాత్రనైనా మానవద్దు.