వంగిన బ్రేక్ పెడల్.. సుత్తితో సరికాదు

శిక్షణ విమానాల్లో చిన్న లోపమే పెద్ద ముప్పు
కొలత, పరీక్ష, సంతకం తర్వాతే గగనయానం

హైదరాబాద్: కారు బ్రేక్ పెడల్ కొద్దిగా వంగితే మెకానిక్ దానికి ఇనుప పైపు తొడిగి, బలంగా లాగి సరిచేస్తాడు. పది నిమిషాల్లో బండి రోడ్డెక్కుతుంది. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానంలో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ పెడల్ వంగిందంటే ఆ భాగం ఒక్కటే పాడయిందని అర్థం కాదు. ఎక్కడో మోయలేని బరువు పడిందని, ఆ బరువు మరికొన్ని భాగాల గుండా ప్రయాణించి ఉంటుందని అర్థం. అందుకే మరమ్మతు పెడల్‌తో మొదలై చక్రం వద్ద, తోక వద్ద ముగుస్తుంది.

బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలివెళ్లాయి. చిన్న విమానాల శిక్షణ పరంగా బేగంపేట, నాదర్‌గుల్, నాగార్జునసాగర్ పేర్లు తెలుగువారికి సుపరిచితం. పైలట్ కావాలనుకునే యువత తొలి పాఠాలు నేర్చుకునేది సాధారణంగా సెస్నా 152, 172 వంటి తేలికపాటి విమానాల్లోనే. గరిష్ఠంగా 757 కిలోల బరువుతో ఎగిరే సెస్నా 152ను నేలపై అదుపు చేసేది శిక్షణార్థి రెండు పాదాలే.

ఒకే పెడల్.. రెండు పనులు

ఈ విమానాల్లో పాదాల కింద రెండు పెడళ్లు ఉంటాయి. మడమ నేలపై ఆనించి పెడల్ కింది భాగాన్ని ముందుకు నెడితే తోక వద్ద ఉన్న రడ్డర్ కదులుతుంది. నేలపై నడుస్తున్నప్పుడు ముందు చక్రం కూడా దాంతోపాటే తిరుగుతుంది. వేళ్ల వైపు పెడల్ పై భాగాన్ని నొక్కితే బ్రేక్ పడుతుంది. ఎడమ పెడల్ ఎడమ చక్రానికి, కుడి పెడల్ కుడి చక్రానికి మాత్రమే పనిచేస్తుంది.

సెస్నా 172లో పెడళ్లతో ముందు చక్రం ఒక్కో వైపునకు సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది. అంతకు మించి మలుపు కావాలంటే ఒకవైపు బ్రేక్ నొక్కాలి. అప్పుడు దాదాపు 30 డిగ్రీల వరకు తిరుగుతుంది. అంటే బ్రేక్ ఇక్కడ ఆపడానికే కాదు, మళ్లించడానికి కూడా. ఒక పెడల్ వంగి, రెండూ సమానంగా అందకపోతే పైలట్ తిన్నగా ఆపాలనుకున్నా విమానం ఒకవైపునకు లాగుతుంది. దిగే వేగంలో అది రన్‌వే పక్కకు దూసుకుపోవడానికి దారితీయవచ్చు.

ఎందుకు వంగుతుంది?

శిక్షణ విమానంలో పెడళ్లు రెండు జతలు. ఎడమవైపు శిక్షణార్థి, కుడివైపు శిక్షకుడు కూర్చుంటారు. రెండు జతలూ లోపల కడ్డీలతో కలిసి ఉంటాయి. కంగారులో శిక్షణార్థి ఒక పెడల్‌ను బిగబట్టి నొక్కుతుండగా శిక్షకుడు రెండో పెడల్‌ను నొక్కితే, ఆ బలాలన్నీ మధ్యనున్న సన్నని భాగాలపైనే పడతాయి.

మిగిలిన కారణాలు నేలపైనే పుడతాయి. రేడియో పరికరాలు సరిచేయడానికి ప్యానెల్ కింద పడుకున్నవారు పెడల్‌పై భుజం ఆనించడం, సీటు ఎక్కేటప్పుడు దానిపై కాలు వేయడం, కింద పడిన పెన్ను లేదా ఫోన్ ఇరుక్కున్నా గమనించక బలంగా తొక్కడం వంటివి తరచు కారణాలవుతాయి. విమానాన్ని చేత్తో లాగేటప్పుడు ముందు చక్రాన్ని పరిమితికి మించి తిప్పినా, రడ్డర్‌కు వేసిన తాళం తీయకుండా లాగినా ఆ ఒత్తిడి పెడళ్ల కడ్డీల దాకా వస్తుంది.

కాబట్టి ఇంజినీరు వేసుకోవలసిన తొలి ప్రశ్న ‘ఎలా సరిచేయాలి’ అన్నది కాదు.. ‘ఎందుకు వంగింది’ అన్నదే. కారణం తేలకుండా కొత్త పెడల్ వేసినా అదీ వంగుతుంది.

పైకి రాకపోతే చక్రానికి మంట

పెడల్ సరిగా నొక్కుకోకపోవడం ఒక సమస్య. నొక్కిన తర్వాత పూర్తిగా వెనక్కి రాకపోవడం అంతకంటే ప్రమాదకరం. పెడల్‌కు అనుసంధానమై ఉండే మాస్టర్ సిలిండర్‌లో నూనె తిరిగి రావడానికి చిన్న దారి ఉంటుంది. కాలు తీసినప్పుడు పెడల్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. వంగిన పెడల్ ఎక్కడైనా రాసుకుని కొద్దిలో ఆగిపోతే దారి మూసుకునే ఉంటుంది, ఒత్తిడి లోపలే నిలుస్తుంది. చక్రం వద్ద పలకలు డిస్కును పట్టుకునే ఉంటాయి. ట్యాక్సీ చేస్తున్నంతసేపూ డిస్కు వేడెక్కుతుంది. వేడి పెరిగిన కొద్దీ నూనె వ్యాకోచించి పట్టు మరింత బిగుస్తుంది. సీళ్లు దెబ్బతిని నూనె కారితే మంటలు రేగే అవకాశం ఉంది.

కొలిచాకే నిర్ణయం

మరమ్మతుకు ముందు తయారీ సంస్థ ఇచ్చిన నిర్వహణ పుస్తకం, విడిభాగాల పట్టిక ముందుంచుకోవాలి. వంగిన పెడల్‌ను పక్కనున్న సరైన పెడల్‌తో పోల్చి తేడా రాసుకోవాలి. తర్వాత భాగాలు విప్పి రంగు, గ్రీజు పూర్తిగా తొలగించాలి. రంగు కింద పగులు దాగి ఉండవచ్చు.

పగులు పట్టుకోవడానికి రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఉక్కు భాగాలకు అయస్కాంత కణాల పరీక్ష చేస్తారు. అల్యూమినియానికి అయస్కాంతం పనిచేయదు కనుక ఎర్రరంగు ద్రవం పూసే పరీక్ష చేస్తారు. ద్రవం పగులులోకి ఇంకే వరకు ఆగి, పైపైన తుడిచి, తెల్లటి పూత వేస్తే పగులు ఉన్నచోట ఎర్రని గీత తేలుతుంది. గీత కనిపిస్తే ఆ భాగాన్ని పక్కన పెట్టవలసిందే.

పోత పోసిన అల్యూమినియం భాగాన్ని వంచి సరిచేసే ప్రయత్నం చేయకూడదు. ఒకసారి వంగిన పోత లోహం రెండోసారి వంచితే లోలోపల చిట్లుతుంది. ఉక్కు గొట్టాలను తయారీ సంస్థ అనుమతిస్తే, ఆ పరిమితి లోపలే సరిచేయవచ్చు. అప్పుడు కూడా గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చడం కూడదు. విమానాల్లో వాడే క్రోమియం-మాలిబ్డినం ఉక్కుకు ఉన్న బలం ఇష్టానుసారం కాల్చితే తగ్గిపోతుంది. పైకి తిన్నగా కనిపించే గొట్టం తర్వాతి తొక్కుడులో విరగవచ్చు. అనుమానం ఉంటే కొత్త భాగం వేయడమే మార్గం. అది వచ్చేవరకు విమానం షెడ్డులో ఉంటుంది, శిక్షణ గంటలు వాయిదా పడతాయి, ఖర్చు పెరుగుతుంది. ‘ఈ ఒక్కసారికి’ అన్న ఆలోచన వచ్చేది ఇక్కడే. దానికి లొంగకపోవడమే ఇంజినీరుకు అసలు పరీక్ష.

బిగించాక అసలు పని

పెడల్ బిగించడంతో పని సగమే అయినట్టు. పెడళ్లు మధ్య స్థానంలో ఉన్నప్పుడు రడ్డర్ కూడా తిన్నగా ఉందా, తీగల బిగువు పుస్తకంలో చెప్పినంత ఉందా, రడ్డర్ తన హద్దు వద్దే ఆగుతోందా అన్నవి చూడాలి. ఈ హద్దు ఎంత ముఖ్యమో ఒక ఆదేశం చెబుతుంది. సెస్నా 150, 152 విమానాల్లో రడ్డర్ హద్దు దాటి చిక్కుకునే ముప్పు ఉందని గుర్తించిన అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, రడ్డర్ ఆపే భాగాలను మార్చాలని, లేదంటే ఆ విమానాల్లో స్పిన్ విన్యాసాలు నిషేధించాలని 2009లో ఆదేశించింది.

విప్పిన స్ప్లిట్ పిన్నులను మళ్లీ వాడకూడదు, కొత్తవే వేయాలి. బ్రేక్ గొట్టాలు విప్పి ఉంటే గాలి తీయాలి. చక్రం వద్ద నుంచి నూనెను పైకి ఎక్కిస్తే బుడగలు మాస్టర్ సిలిండర్ వైపు వెళ్లిపోతాయి. ఇందులో వాడేది ఎర్రటి ఖనిజ నూనె. కార్లలో పోసే బ్రేక్ ఆయిల్ పోస్తే విమానంలోని రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

చివరిగా నెమ్మదైన వేగంతో నేలపై నడిపి చూడాలి. రెండు బ్రేకులు సమానంగా పడుతున్నాయా, కాలు తీయగానే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయా గమనించాలి.

సంతకం ఎవరిది?

మన దేశంలో ఈ పనికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనలు వర్తిస్తాయి. లైసెన్సు పొందిన నిర్వహణ ఇంజినీరు ధ్రువీకరించి సంతకం చేస్తేనే విమానం ఎగరాలి. రడ్డర్ వంటి నియంత్రణ వ్యవస్థను కదిలించినప్పుడు అర్హత గల మరొకరు స్వతంత్రంగా తనిఖీ చేయాలి. ఏం విప్పారు, ఏం మార్చారు అన్నది లాగ్‌బుక్‌లో నమోదు కావాలి.

శిక్షణార్థులు గమనించవలసినవి

* విమానం ఎక్కగానే రెండు పెడళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయా చూడాలి. నొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి రావాలి.
* పాదాలు అందేలా సీటు సర్దుకోవాలి. ట్యాక్సీలో, టేకాఫ్‌లో మడమలు నేలపైనే ఉండాలి.
* ఒక పెడల్ మెత్తగా, మరొకటి గట్టిగా అనిపిస్తే బయలుదేరకూడదు.
* ట్యాక్సీకి మామూలు కంటే ఎక్కువ ఇంజిన్ శక్తి అవసరమైతే బ్రేక్ పట్టేస్తోందని అనుమానించాలి. వేడెక్కిన డిస్కును చేత్తో తాకరాదు.
* పెడల్ తన కాలి కిందే వంగినా దాచకుండా వెంటనే చెప్పాలి. చెప్పకపోతే ఆ లోపం తర్వాత ఎక్కే విద్యార్థి పాదాల కిందకు చేరుతుంది.