చుక్కలూ గీతలూ: ఉన్నవీ, ఉన్నాయో లేవో తేలనివీ

కొన్ని చుక్కలు, వాటిలో కొన్ని జంటలను కలిపే గీతలు. గణితంలో గ్రాఫ్ అంటే ఇంతే. ఏ చుక్కకు ఏ చుక్కతో గీత ఉందో సున్నాలు, ఒకట్ల మాత్రికగా రాసి బీజగణితానికి అప్పగిస్తే, ఎలాంటి గ్రాఫులు ఉండగలవో, ఎలాంటివి ఉండనే ఉండవో చెబుతుంది. దారిలో చెడిన సందేశాన్ని సరిచేసే కోడ్‌లు కూడా ఈ మాత్రికల్లోంచే పుట్టుకొస్తాయి. ఈ రంగంలో నన్ను ఆశ్చర్యపరిచిన విశేషాలు కొన్ని.

పేజీ నిండని వ్యాసం, శనిగ్రహం దాకా

1949లో మార్సెల్ గోలే ప్రచురించిన వ్యాసం ఒక్క పేజీ కూడా నిండదు. అందులోని 23 బిట్ల కోడ్‌లో 4,096 పదాలున్నాయి. ఒక్కో పదం చుట్టూ, మూడు తప్పుల లోపు దూరంలో సరిగ్గా 2,048 బిట్ వరుసలుంటాయి. రెండింటినీ గుణిస్తే 83,88,608. మొత్తం 23 బిట్ల వరుసలు కూడా అన్నే! ఒక్కటీ మిగలదు, ఒక్కటీ రెండుసార్లు రాదు. ఇలాంటి కోడ్‌ను ‘పరిపూర్ణ’ కోడ్ అంటారు.

దీనికి ఒక బిట్ చేర్చి 24 చేసిన రూపాన్ని చేత్తోనే కట్టవచ్చు. ఇరవై సమబాహు త్రిభుజాల ఘనం ఐకోసాహెడ్రన్ తీసుకోండి. దానికి 12 మూలలు, ఒక్కో మూలకు ఐదు పొరుగు మూలలు. ఒక మూలను పట్టుకుని 12 అంకెలు రాయండి: పొరుగు మూలలకు 0, తనకూ మిగతావాటికీ 1. అంటే ఏడు ఒకట్లు. దాని ముందు ఇంకో 12 అంకెలు: తన స్థానంలో 1, మిగతా అన్నీ 0. మొత్తం 24 అంకెల్లో ఎనిమిది ఒకట్లు. అన్ని మూలలకూ ఇలా రాస్తే 12 వరుసలొస్తాయి. 1కి 1 కలిస్తే 0 అనే లెక్కన ఈ వరుసలను ఎలా కలిపినా సరే, వచ్చే 4,096 పదాల్లో ఏ రెండూ ఎనిమిది చోట్ల కన్నా తక్కువగా తేడా పడవు. అందుకే మూడు బిట్లు తారుమారైనా అసలు పదం దొరుకుతుంది. వోయేజర్ నౌకలు బృహస్పతి, శనిగ్రహాల రంగుల చిత్రాలను భూమికి పంపింది ఈ కోడ్‌తోనే.

యాభై ఉంది. మరి 3,250?

ఒక్కో చుక్కకు ఏడు గీతలు. ఏ చుక్క నుంచి ఏ చుక్కకైనా రెండు అడుగుల్లో చేరాలి. గరిష్ఠంగా ఎన్ని చుక్కలు పట్టగలవు? తాను ఒకటి, పొరుగువి ఏడు, వాటి అవతల 42: మొత్తం 50. ఆ పైమెట్టును నిజంగా అందుకున్న గ్రాఫ్‌ను అలన్ హాఫ్‌మన్, రాబర్ట్ సింగిల్టన్ 1960లో చూపించారు. దాన్ని దానిమీదే 2,52,000 రకాలుగా తిప్పి పెట్టవచ్చు, ఒక్క గీత కూడా చెదరదు.

అంతకన్నా గొప్పది, ఇలా పైమెట్టును అందుకునే గ్రాఫులకు వాళ్లు తేల్చిన నియమం. పంచభుజిని పక్కన పెడితే, ఒక్కో చుక్కకున్న గీతల సంఖ్యను నాలుగుతో గుణించి మూడు తీసేయాలి. వచ్చింది పూర్ణవర్గం కావాలి, దాని వర్గమూలం 15ను నిశ్శేషంగా భాగించాలి. మాత్రిక స్వభావాన్ని చెప్పే ప్రత్యేక సంఖ్యలు, అంటే ఐగెన్ విలువలు, ఒక్కోటి ఎన్నిసార్లు వస్తాయన్నది పూర్ణసంఖ్యే కావాలి కదా, ఈ నియమం అక్కడినుంచి వచ్చింది. మూడు గీతలైతే వర్గమూలం 3, అది పది చుక్కల పీటర్సన్ గ్రాఫ్. ఏడైతే 5. ఇక మిగిలింది 15: అంటే 57 గీతలు, 3,250 చుక్కలు. అలాంటి గ్రాఫ్ ఉందో లేదో నేటికీ తేలలేదు. ఉంటే మాత్రం దాని సౌష్ఠవాలు, అంటే అలా తిప్పి పెట్టే రకాలు, 375కు మించవని నిరూపణ అయింది. 2,52,000 ఎక్కడ, 375 ఎక్కడ! ఈ ఒక్క గ్రాఫ్ కోసం ఇంతమంది ఇన్నేళ్లుగా వెతకడంలో నాకు వింతేమీ కనిపించదు.

పంచభుజికి 23 ఏళ్లు

ఐదు అక్షరాలు పంచభుజి మూలల్లా వలయంగా ఉన్నాయనుకోండి. పక్కపక్కవి వినేవాడికి ఒకదానిలా ఒకటి వినిపించవచ్చు. తికమక లేకుండా వాడగలిగేవి రెండే. కానీ రెండక్షరాల పదాలు తీసుకుంటే నాలుగు కాదు, ఐదు దొరుకుతాయి: 00, 12, 24, 31, 43. 1956లో క్లాడ్ షానన్ ఇది చూపి, అక్షరానికి ఐదు వర్గమూలం దాకా వచ్చాడు. ఇంకా పొడుగు పదాలతో అంతకన్నా మెరుగవుతుందా? కాదని 1979లో లాస్లో లోవాస్ ఐదు చువ్వల గొడుగులా విచ్చుకునే సదిశలతో నిరూపించాడు. సప్తభుజికి జవాబు ఇంకా లేదు.

రెండు వైపులా మనవాళ్లు

ప్రతి చుక్కకూ ఒకే సంఖ్యలో గీతలుండి, కలిసిన జంటలన్నిటికీ ఒకే సంఖ్యలో, కలవని జంటలన్నిటికీ ఒకే సంఖ్యలో ఉమ్మడి పొరుగులుండే ‘స్ట్రాంగ్లీ రెగ్యులర్ గ్రాఫ్’ అన్న భావనను 1963లో ప్రవేశపెట్టింది రాజ్‌చంద్ర బోస్. బీసీహెచ్ కోడ్‌ల పేరులో ‘బీ’ కూడా ఆయనే. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన వద్ద నేర్చుకున్నవాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి వెళ్లిన మన సి.ఆర్. రావు. ప్రయోగాల రూపకల్పన కోసం రావు 1947లో ఆర్థోగోనల్ ఎరేలు అనే సమతూక పట్టికలకు ఒక హద్దు గీశారు. కోడ్‌లకు రిచర్డ్ హామింగ్ గీసిన హద్దు వచ్చింది 1950లో. ఈ రెండూ ఒకే విషయానికి రెండు ముఖాలని 1973లో ఫిలిప్ డెల్సార్ట్ సిద్ధాంతం స్పష్టం చేసింది.

ఇంకో భారతీయ పేరు రామానుజన్ గ్రాఫులు. గీతలు తక్కువగా ఉన్నా అత్యంత గట్టిగా అల్లుకున్న ఈ గ్రాఫులను 1988లో లుబొట్స్కీ, ఫిలిప్స్, సార్నాక్ కట్టారు, మార్గులిస్ విడిగా కట్టాడు. రామానుజన్ 1916 నాటి ఊహకు చెందిన కుటుంబంలోని ఫలితమే వాటికి ఆధారం. అలాంటి గ్రాఫులతోనే 1996లో సిప్సర్, స్పీల్‌మన్ వేగంగా సరిదిద్దే కోడ్‌లు తయారుచేశారు. 5జీ ఫోన్లలో డేటాను కాపాడే ఎల్‌డీపీసీ కోడ్‌లు కూడా గ్రాఫుల మీద నడిచేవే.

వెయ్యి డాలర్ల 99

చుక్కలు 99, ఒక్కోదానికి 14 గీతలు. గీతతో కలిసిన ఏ రెంటికీ ఉమ్మడి పొరుగు ఒక్కటే ఉండాలి, కలవని ఏ రెంటికీ సరిగ్గా రెండుండాలి. ఇలాంటి గ్రాఫ్‌ను చూపినా, లేదని నిరూపించినా వెయ్యి డాలర్లిస్తానని జాన్ కాన్వే ప్రకటించాడు. 2020లో ఆయన కన్నుమూశాడు, ప్రశ్న అలాగే ఉంది. ఉమ్మడి పొరుగుల షరతులు రెండూ పాటించే గ్రాఫ్ తొమ్మిది చుక్కలతో ఉంది. 243 చుక్కలతోనూ ఉంది. దాన్ని 1973లో బెర్లెకాంప్, వాన్ లింట్, సీడెల్ కట్టింది గోలే ఇచ్చిన మరో కోడ్ నుంచి: 0, 1, 2 అంకెలతో నడిచే 11 స్థానాల కోడ్.