డీజిల్ ట్రక్కుకు చిప్: అదనపు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

పదహారేళ్ళు నిండి లైసెన్సు చేతికి వచ్చిన అబ్బాయి, వేసవి సెలవుల్లో పనిచేసి కూడబెట్టుకున్న సొమ్ముతో పాత డీజిల్ పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడనుకుందాం. నెల తిరగకముందే, “నాన్నా, దీనికొక చిప్ వేయిద్దాం, ఎనభై అశ్వశక్తి పెరుగుతుందట” అంటాడు. డీజిల్ అనగానే ఊళ్ళోని నీళ్ళ ఇంజనూ, ఘాట్ రోడ్డు మీద లారీ వదిలే పొగా తప్ప మరేదీ గుర్తుకురాని ఆ తండ్రి ఏమని జవాబివ్వాలి? వద్దనడం తేలిక, సరేననడం ఇంకా తేలిక. ఆ రెండింటికంటే ముందు, అగ్గిపెట్టెకన్న పెద్దగా ఉండని ఆ చిన్న వస్తువు అంతటి శక్తిని ఎక్కడి నుంచి తెస్తుందో తెలుసుకోవడం మంచిది.

మిగులు గాలిలోని రహస్యం

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వను పుట్టించే స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమితే దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు చిమ్మిన ఇంధనం తనంతట తానే మండుతుంది. నేటి డీజిల్ ఇంజనుకు కూడా మూలసూత్రం ఇదే.

పెట్రోలు ఇంజనుకూ దీనికీ మరొక ముఖ్యమైన భేదం ఉన్నది. పెట్రోలు ఇంజనులో గాలీ ఇంధనమూ దాదాపు స్థిరమైన నిష్పత్తిలో కలవాలి. అందువల్ల కేవలం ఇంధనం పెంచినంత మాత్రాన పెద్దగా ప్రయోజనం ఉండదు. డీజిల్ ఇంజను మాత్రం ఎల్లప్పుడూ అవసరానికి మించిన గాలిని పీల్చుకుంటుంది. ఎంత శక్తి రావాలన్నది చిమ్మే ఇంధన పరిమాణాన్ని బట్టే నిర్ణయమవుతుంది. సిలిండరులో మిగులు గాలి ఉన్నంతవరకు, ఇంధనం పెంచితే శక్తి పెరుగుతుంది. ఆ గాలి చాలనప్పుడు ఇంధనం పూర్తిగా మండక మసిగా మారి నల్లపొగ వెలువడుతుంది, ఇంజను వేడి మితిమీరుతుంది. చిప్ స్వయంగా శక్తిని సృష్టించదు. తయారీదారు ఉంచిన ఆ మిగులును ఖర్చు చేయడానికి అనుమతిస్తుంది, అంతే.

ఇంజను మన్నిక, గేర్‌బాక్సు బలం, వెలువడే పొగపై చట్టం విధించిన పరిమితి, ఎండలో బరువు లాగే రోజున వేడిని తట్టుకోవలసిన అవసరం, ఇన్నింటినీ లెక్కించి ఉంచిన మిగులు అది.

చిప్ చేసే పని

ఫోర్డ్ ట్రక్కులలో 1994 నుంచి 2003 వరకు వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. మొదట్లో దాని శక్తి 210 అశ్వశక్తి. ఇందులో ఇంధనాన్ని చిమ్మే పనికి కావలసిన ఒత్తిడి ఇంజను ఆయిల్ నుంచి వస్తుంది. చదరపు అంగుళానికి 3,000 పౌన్ల వరకు పెరిగే ఆయిల్ ఒత్తిడిని ఇంజెక్టరులోని ముషలకం ఏడు రెట్లు చేస్తుంది. అంటే ఇంధనం దాదాపు 21,000 పౌన్ల ఒత్తిడితో సిలిండరులోకి దూసుకుపోతుంది. ఆయిల్ ఒత్తిడి ఎంత ఉండాలి, ఇంజెక్టరు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్న మూడు విషయాలనూ కంప్యూటరు తనలోని పట్టికలు చూసి నిర్ణయిస్తుంది. చిప్ ఆ పట్టికల స్థానంలో తన పట్టికలను పెడుతుంది.

తరువాతి కాలపు ట్రక్కులలో విడి చిప్ అమర్చే పద్ధతి దాదాపు పోయింది. డాష్‌బోర్డు కింది పరీక్షా పోర్టు ద్వారా కంప్యూటరులోని ప్రోగ్రామునే మార్చే పరికరాలు వచ్చాయి. సెన్సరు తీగకు మధ్యలో చేరి, కంప్యూటరుకు తప్పుడు ఒత్తిడి చూపి, ఇంధనం ఎక్కువ తీసుకునే పెట్టెలు మరొక రకం. కంప్యూటరును మోసగించి పనిచేసే వాటికంటే, దాని లెక్కలనే సక్రమంగా సవరించేవి మేలు.

ఎంపికలో అసలు ప్రశ్న

“ఎన్ని అశ్వశక్తులు పెరుగుతాయి” అన్నది చివర అడగవలసిన ప్రశ్న. “ఎంతసేపు” అన్నది మొదటిది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 7,000 పౌన్ల ట్రక్కు 10,000 పౌన్ల ట్రెయిలరును లాగుతూ, నూటికి ఆరు అడుగులు లేచే కొండదారిలో గంటకు 60 మైళ్ళ వేగంతో ఎక్కుతున్నదనుకోండి. ఆ బరువును పైకి లేపడానికే 163 అశ్వశక్తి కావాలి. గాలి నిరోధం, చక్రాల రాపిడి దీనికి అదనం. ఆరు మైళ్ళ ఎక్కుడుకు ఆరు నిమిషాలు పడుతుంది. ఖాళీ ట్రక్కులో యాక్సిలరేటరు తొక్కినప్పుడు అదనపు శక్తిని వాడేది కొద్ది సెకన్లు. ట్రెయిలరుతో కొండ ఎక్కేటప్పుడు నిమిషాల తరబడి వాడాలి. సెకన్లలో పోగుపడని వేడి నిమిషాలలో పోగుపడుతుంది. ఇంజను పిస్టన్లను అల్యూమినియం లోహమిశ్రమంతో చేస్తారు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అందుకే టర్బోకు ముందు పొగ ఉష్ణోగ్రత 1,250 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 677 డిగ్రీల సెల్సియస్, దాటి నిలిచిపోకూడదని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు.

కనుక బరువు లాగే ట్రక్కుకు, తక్కువ శక్తి పెంచే ట్రెయిలరు అమరికే తగినది. గేర్లు మారే తీరును కూడా సవరించే చిప్ అయితే మరీ మంచిది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని క్లచ్ పలకలను బిగించే ఒత్తిడిని ఈ ట్రక్కులో అదే కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజను బలం పెరిగి ఈ ఒత్తిడి పెరగకపోతే పలకలు జారి మాడిపోతాయి. ఒక విషయం మరువరాదు. చిప్ వేసినందువల్ల బ్రేకులు, టైర్లు, ట్రెయిలరు తగిలించే కొక్కెం బలపడవు. తయారీదారు చెప్పిన బరువు పరిమితి ఒక్క పౌను కూడా పెరగదు.

అమర్చే విధానం

ముందుగా మూడు మీటర్లు బిగించాలి. ఒకటి పొగ ఉష్ణోగ్రతకు, రెండవది టర్బో ఒత్తిడికి, మూడవది గేర్‌బాక్సు ఆయిల్ వేడికి. ఇవి లేకుండా చిప్ వేయడం కళ్ళకు గంతలు కట్టుకొని బండి తోలడమే. చిప్ కొనగా మిగిలితే మీటర్లు కొందామనుకోరాదు. మీటర్లు కొనగా మిగిలిన సొమ్ముతోనే చిప్ కొనాలి.

తరువాత తాళం చెవి తీసి, రెండు బ్యాటరీల రుణధ్రువాల తీగలనూ విప్పాలి. ఈ ట్రక్కులో బ్యాటరీలు రెండు. ఒకటి మరచిపోతే కంప్యూటరులో విద్యుత్తు ఉండిపోతుంది. కంప్యూటరును బయటికి తీసి, దాని అంచున ఉన్న సర్వీసు పోర్టు మూత తొలగించాలి. అక్కడి లోహపు పట్టీల మీద ఒక రక్షక పూత ఉంటుంది. దానిని మెత్తగా రుద్ది, ఆల్కహాలుతో తుడిచి, లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. ఈ పనిలో తొందరపడితే స్పర్శ సరిగా కుదరక ఇంజను స్టార్టు కాకపోవచ్చు, రహదారి మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోనూవచ్చు. చిప్‌ను వంకర లేకుండా నొక్కి, అన్నీ యథాస్థానంలో బిగించి, మొదటి వారం ఖాళీ ట్రక్కుతో మీటర్లు గమనిస్తూ నడపాలి.

అందరూ పీల్చే గాలి

అమెరికాలో 1970 నాటి శుద్ధ వాయు చట్టమూ దాని సవరణలూ పొగ నియంత్రణ సాధనాలను పనిచేయకుండా చేయడాన్ని నిషేధించాయి. పాత ట్రక్కులకూ ఇది వర్తిస్తుంది. 2007 నుంచి వచ్చిన డీజిల్ పికప్పులలో మసిని పట్టే వడపోత ఉంటుంది. దానిని పీకివేసి, కంప్యూటరు దానిని గుర్తించకుండా చేసే పరికరాలూ అమ్ముడయ్యాయి. అంతకుముందు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పులలో ఇటువంటి సాధనాలను తొలగించారని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడులు 5,70,000 టన్నులకు పైమాటేనని ఆ నివేదిక సారాంశం. ఆ గాలినే ఉబ్బసం ఉన్న మన పిల్లలూ పీలుస్తారు. అందుచేత కాలిఫోర్నియా వాయు వనరుల మండలి మినహాయింపు సంఖ్య ఉన్న పరికరాన్నే, అదీ మన ట్రక్కు మోడలుకూ సంవత్సరానికీ ఇచ్చినదేనని సరిచూసుకొని ఎంచుకోవాలి. నల్లపొగను బలానికి గుర్తుగా చూసి మురిసిపోయే పిల్లలకు, అది తాము డబ్బుపెట్టి కొని సరిగా మండించలేకపోయిన ఇంధనమేనని చెప్పాలి.

ఇక ఆ తండ్రి జవాబు. “ఈ ట్రక్కుతో ఏం లాగుతావు, ఎంత దూరం లాగుతావు? ముందు మీటర్లు బిగించి, ఇప్పుడున్న స్థితిలో కొండ ఎక్కేటప్పుడు వేడి ఎంత చూపుతున్నదో నెలరోజులు రాసి చూపించు. అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.” చర్నాకోల ఎద్దుకు బలాన్నివ్వదని, ఉన్న బలాన్ని తొందరగా వాడిస్తుందని మన రైతులకు తెలుసు. ఎప్పుడు ఝళిపించాలో తెలిసినవాడి చేతిలోనే దానిని ఉంచేవారు. నెలరోజుల అంకెలు రాసి తెచ్చిన కొడుకుకు చిప్ కావాలో వద్దో, చాలావరకు ఆ కాగితమే చెబుతుంది.